బాబ్చా అంటే బాపమ్మే!

పోయిన ఎండాకాలం సెలవులకి స్టేషన్ ఘన్‌పూర్‌లో మా ఇంట్లో రెండు దేశాలు దిగాయి. గుల్బర్గా నుంచి కూతురి కొడుకు, పోలండ్‌లోని వార్సా నుంచి కొడుకు కూతురు. అల్లుడు కన్నడిగుడు, కోడలు అక్కడి అమ్మాయే. పిల్లలిద్దరికీ వచ్చిన తెలుగల్లా ‘దా’, ‘తిను’, ‘వద్దు’. అంతే!

మొదటిరోజు మనవడు గ్లాసు పట్టుకొచ్చి “అజ్జీ, హాలు” అన్నాడు. హాల్లో ఏముందిరా అని వెళ్ళి చూసొచ్చాను. నవ్వకండి! వాడడిగింది పాలు. మన ‘ప’ వాళ్ళకి చాలా మాటల్లో ‘హ’ అవుతుంది. పువ్వు ‘హూవు’, పులి ‘హులి’. ఉప్పు మాత్రం అక్కడా ఉప్పే. రెండోరోజుకల్లా వాడితో నాకు పని నడిచిపోయింది.

మనవరాలికి పాలు ‘మ్లేకో’, ఉప్పు ‘సుల్’. ఇక నా వల్ల కాదనుకున్నాను. కానీ రెండుని ‘ద్వా’ అంటుంది, నిప్పుని ‘ఓగ్యెన్’ అంటుంది. ద్వి, అగ్ని గుర్తుకు రావడం లేదూ? ఆ భాష సంస్కృతానికి దూరపు చుట్టమట.

మావారు అట్లాసు ముందేసుకుని కూర్చున్నారు. 2011 జనాభా లెక్కల్లో కన్నడం మాతృభాషగా ఉన్నవాళ్ళు 4 కోట్ల 37 లక్షలు. పోలిష్ వాళ్ళూ దాదాపు 4 కోట్లే. కన్నడం కర్ణాటకలోనే కాదు, షోలాపూర్, కాసరగోడు, మన నారాయణపేట, ఆదోని వైపు కూడా వినిపిస్తుంది. అసలు 1956 దాకా గుల్బర్గా, వరంగల్ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. పోలిష్ అయితే లిథువేనియాలో విల్నియస్ చుట్టుపక్కలా, ఎక్కడో అమెరికాలో షికాగోలోనూ ఉందట.

ఆవకాయకి ముక్కలు తుడుస్తుంటే కోడలు చెప్పింది, కొడుకు తెలుగులో చెప్పాడు. 1795 నుంచి 1918 దాకా 123 ఏళ్ళు వాళ్ళకి దేశమే లేదట. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి. భాష ఇళ్ళల్లో బతికింది. 1901లో వ్జెష్న్యా అనే ఊళ్ళో, ప్రార్థనలు జర్మన్‌లో చెప్పమంటే బడిపిల్లలు మొండికేసి దెబ్బలు తిన్నారట.

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. నా పిల్లల్ని వేసిన బళ్ళో తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా. ఆ రూపాయి కట్టి, ఇంటికొచ్చి పిల్లల్నే తిట్టేదాన్ని. పిల్లకి తెలుగు ఎందుకు నేర్పలేదురా అని కొడుకుని అడగబోయి నోరు మూసుకున్నాను. వాడే అన్నాడు మెల్లగా, “నువ్వే గదమ్మా, తెలుగెందుకు పనికొస్తదన్నవు?” జవాబు లేదు నా దగ్గర.

మనవరాలు నన్ను ‘బాబ్చా’ అంటుంది. పోలిష్‌లో ముసలమ్మని అలాగే పిలుస్తారట. మా వైపు నాన్నకి అమ్మ బాపమ్మ. అది పిలిచిన ప్రతిసారీ నేను బాపమ్మనే విన్నాను, దిద్దలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ముగ్గురం ఫోనులో కలుస్తాం. వారానికో వంటింటి మాట. పోయినవారం పిండి. వాడు ‘హిట్టు’ అన్నాడు, అది ‘మోంకా’ అంది. ఇద్దరిచేతా పిండి అనిపించాను. ఈ వారం బెల్లం. వాడిది ‘బెల్ల’, సున్న ఒకటే తక్కువ. దానికి ఆ వస్తువే కొత్త. అందుకని బెల్లం అనే నేర్చుకుంది.