గాలివాటు

కాలిఫోర్నియాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు కనిపిస్తే మనం ముందుగా అడిగేది "ఎన్ని గంటలు పట్టింది?" అనే. ఎన్ని కిలోమీటర్లని ఎవరూ అడగరు. విమాన ప్రయాణం గురించి అడగవలసిన అసలు ప్రశ్న గంటలదేనని నా నమ్మకం.

ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల సంగతే చూడండి. గ్లోబు మీద ఈ రెంటి మధ్య దారం బిగించి పట్టుకుంటే అది సైబీరియా దాటి ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. ఆ దారి సుమారు 12,400 కిలోమీటర్లు. అంతకన్నా దగ్గరి దారి లేదు. 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. అట్లాంటిక్ మీదుగా వెళ్తే దూరం 13,900 కిలోమీటర్లు. మరుసటి ఏడాది అక్టోబరులో దారి మార్చి, తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణం మాత్రం పధ్నాలుగున్నర గంటలకు తగ్గింది!

1,400 కిలోమీటర్లు ఎక్కువ ఎగిరి ముందే చేరడమన్నది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. గోదావరిలో పడవ నడిపినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. వాలుకు పోయే పడవ వేరు, ఏటికి ఎదురెక్కే పడవ వేరు. నేలకు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ఏరులా సాగుతుంటుంది. ఉష్ణమండలపు వేడికీ ధ్రువాల చలికీ ఉన్న తేడా దాన్ని పుట్టిస్తే, భూమి తిరుగుడు దాన్ని తూర్పుకు మళ్లిస్తుంది. చలికాలంలో ఆ తేడా పెరిగి గాలి ఇంకా ఉరవడిగా వీస్తుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల ఊపుతో ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు ఐదు గంటల లోపే చేరింది. మామూలుగా ఆరు గంటలు దాటుతుంది.

2016 నాటి ఆ పసిఫిక్ విమానం ఆదివారం తెల్లవారుజామున ఢిల్లీలో లేచింది. తేదీ మారే దినరేఖ దాటగానే శనివారం సాయంత్రంలోకి వెళ్లింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేసరికి మళ్లీ అదే ఆదివారం ఉదయం. ఎక్కినవాళ్లు రెండుసార్లు ఆదివారం చూశారు.

గాలి ఒక్కటే కాదు, సరిహద్దులూ గంటలు పెంచుతాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి పడమటికి పోయేవి చుట్టు తిరిగి వెళ్లవలసి వచ్చింది. మనవళ్లను చూడబోయే పెద్దవాళ్ల మోకాళ్లకు ఆ అదనపు సమయం చాలా బరువు.

టికెట్ తీసేటప్పుడు పోయే గంటలూ వచ్చే గంటలూ విడివిడిగా చూసుకోండి. అమ్మానాన్నలను పంపుతుంటే ఏ వైపు ప్రయాణంలో ఎక్కువసేపు కూర్చోవాలో ముందే చెప్పండి. నడవ పక్క సీటు ఇప్పించి, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయమనండి.