తెల్లనివన్నీ స్నో గూస్‌లు కావు

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అంటేనే నేరం. అలా పెరిగినవాణ్ణి కదా, అమెరికాలో పెద్దబాతుల్ని కొట్టడానికి ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుందంటే మొదట్లో నాకు మింగుడుపడలేదు. ఇంకా వింత ఏమిటంటే, స్నో గూస్ అనే తెల్ల పెద్దబాతు విషయంలో "ఎన్నయినా కొట్టుకోండి" అంటూ 1999 నుంచి ప్రత్యేకంగా ఓ ఆర్డరే ఉంది.

దానికో కారణం ఉందిలెండి. పంట కోశాక పొలాల్లో రాలిన గింజలు తిని వీటి సంఖ్య విపరీతంగా పెరిగింది. ఎండాకాలానికి ఇవన్నీ ఉత్తరాన హడ్సన్ బే వైపు చేరి, అక్కడి గడ్డిని వేళ్ళతో సహా పీకి తినేస్తున్నాయి. నేల ఉప్పు తేలి బీడవుతోంది. అందుకే ఆ ఆర్డరు నడిచే రోజుల్లో రోజుకిన్ని అనే లెక్క లేదు. రికార్డు చేసిన అరుపులు వినిపించి పిలవచ్చు. తుపాకీలో మూడు తూటాలే ఉండాలన్న నియమం కూడా ఉండదు. కాకపోతే ఒక మెలిక. ఈ సడలింపంతా స్నో గూస్‌కీ, దాని బుల్లి తమ్ముడు రాస్ గూస్‌కీ మాత్రమే. మిగతా బాతుల సీజన్లన్నీ అప్పటికి మూసేసి ఉంటాయి.

ఈ మెలిక విలువేంటో పోయిన మార్చిలో కాన్సస్‌లో చూశాను. మా టెస్ట్ లీడ్ అక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఆయనతో ఊరికే చూద్దామని వెళ్ళాను. తెల్లారగానే కెనడా గూస్‌ల గుంపొకటి మా మీదుగా వచ్చింది. మధ్యలో ఒక్కటి తెల్లగా మెరిసిపోతోంది. మాతో వచ్చిన కుర్రాడు తుపాకీ ఎత్తాడు. మా లీడ్ అతని భుజం మీద చెయ్యి వేసి "వద్దు, రెక్కల కొసలు చూడు" అన్నాడు.

స్నో గూస్‌కి రెక్కల కొసలు నల్లగా ఉంటాయి. దీనికి లేవు. సైజు కూడా పక్కవాటిలాగే ఉంది. అది తెల్లగా పుట్టిన కెనడా గూస్. జన్యువుల తేడా వల్ల ఈకలకి రంగు పట్టదు, దీన్నే ల్యూసిజం అంటారు. అల్బినోకైతే కళ్ళు కూడా గులాబీ రంగులో ఉంటాయి. చట్టానికి రంగుతో పనిలేదు, జాతితోనే పని. కెనడా గూస్ సీజన్ ఫిబ్రవరిలోనే అయిపోయింది కాబట్టి, దాన్ని కొట్టుంటే ఆ కుర్రాడు నేరస్థుడే.

రంగు ఎంత మోసమో ఇంకా చూడండి. స్నో గూస్‌లోనే ఒళ్ళు ముదురు బూడిదరంగు, తల మాత్రం తెలుపు ఉండే రకం ఉంది. అది తెల్లగా లేకపోయినా కొట్టొచ్చు. హంస ఒళ్ళంతా తెలుపే, నల్ల కొసలుండవు, మెడ బాగా పొడుగు. పెలికాన్‌కి (మన కొల్లేరు గూడబాతుల చుట్టం) రెక్క వెనక అంచు పొడవునా నలుపు ఉంటుంది. ఫారం నుంచి తప్పించుకున్న తెల్ల బాతయితే ఎవరిదో సొత్తు.

అన్నిటికన్నా ప్రమాదం హూపింగ్ క్రేన్‌తో. అదీ తెలుపే, దానికీ రెక్కల కొసలు నలుపే! తేడా అల్లా కాళ్ళు తోక దాటి వెనక్కి వేలాడేసి ఎగరడం. 1941లో ఇవి మొత్తం పాతిక కూడా లేవు. ఇన్నేళ్ళు కాపాడితే కెనడా నుంచి టెక్సాస్ తీరానికి వలస వచ్చే గుంపు ఇప్పుడు 500 దాటింది. ఆ దారి కాన్సస్ మీదుగానే. ఒక్క తొందరపాటు తూటా ఎన్ని దశాబ్దాల శ్రమని కూల్చగలదో ఆలోచించండి.

"పొరపాటైంది సార్" అంటే గేమ్ వార్డెన్ వినడు. 1918 నాటి వలస పక్షుల చట్టం కింద మామూలు నేరానికి ఉద్దేశం నిరూపించనక్కర్లేదు. 15,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. కొట్టిన పక్షిని తీసుకెళ్ళేటప్పుడు కూడా తలో, ఈకలతో ఒక రెక్కో ఉంచాల్సిందే, జాతి గుర్తుపట్టడానికి.

ఇక మనవాళ్ళకి ఇంకో మాట. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ నేరం. ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. అది లేకుండా ఫొటో కోసమైనా పక్కవాడి తుపాకీ పట్టుకోకండి. నేను ఆ రోజు బైనాక్యులర్‌తోనే సరిపెట్టుకున్నది అందుకే. లైక్‌ల కోసం వీసా పోగొట్టుకోవడం ఎందుకు?

మనం ఫైర్‌వాల్ ఎలా రాస్తాం? తెలిసినదాన్ని రానిస్తాం, తెలియనిదాన్ని ఆపేస్తాం. వేటగాడి బుర్రలోనూ అదే రూలు ఉండాలి. పేరు చెప్పలేని పక్షి మీద ట్రిగ్గర్ నొక్కకూడదు. నీరక్షీర వివేకం హంసకుంటుందంటారు గానీ, ఇక్కడ ముందు ఉండాల్సింది తుపాకీ పట్టినవాడికి. ఏమంటారు?