గుల్మార్గా? ఔలీయా?

మాది హోసూరు పక్కన ఒక పల్లె. మా నాయన పాలీహౌస్‌లో గులాబీలు వేస్తాడు. డిసెంబరు మొదట్లో కొమ్మలు కత్తిరిస్తే జనవరి చివరికి పూలు వస్తాయి. ఫిబ్రవరి 14కు అవి విదేశాలకు పోవాలి. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ తిండికి కూడా తీరిక ఉండదు. అందుకని మేము ఎక్కడికైనా పోవాలంటే అర్ధ సంవత్సర పరీక్షలు అయ్యాక, డిసెంబరు చివర్లోనే పోవాలి.

పోయిన ఏడాది బెంగళూరులో ఉండే మా మామ ఫోన్ చేశాడు. "ఈసారి అందరం మంచు మీద స్కీయింగ్‌కు పోదాం. కాశ్మీరులో గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లో ఔలీ, రెండింట్లో ఒకటి. పాపా, నువ్వే తేల్చు. ఖర్చులో సగం నాది" అన్నాడు.

నాకు భలే గర్వంగా అనిపించింది. లెక్కల నోటుపుస్తకం వెనక పేజీలో నిలువుగా ఒక గీత గీసి, అటు గుల్మార్గ్, ఇటు ఔలీ అని రాసుకున్నాను.

గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గొండోలా అనే తీగబండి రెండు దశల్లో అఫర్వత్ కొండ మీదికి, దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకు తీసుకుపోతుంది. శ్రీనగర్‌లో విమానం దిగితే 50 కిలోమీటర్లే. డిసెంబరు 21 నుంచి 40 రోజులు కాశ్మీరులో గట్టి చలి. దాన్ని వాళ్లు చిల్లై కలాన్ అంటారు. ఔలీకి పోవాలంటే రుషికేశ్ నుంచి జోషిమఠం దాకా సుమారు 250 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. అక్కడి మంచు జనవరి, ఫిబ్రవరిలోనే బాగుంటుంది. జోషిమఠం నుంచి ఔలీకి ఉన్న రోప్‌వేను, ఆ ఊళ్లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు, 2023 జనవరిలో ఆపేశారు. ఔలీ వైపు నేను రాసిన మంచి మాట ఒకటే, నందాదేవి శిఖరం ఎదురుగా కనిపిస్తుందని.

గుల్మార్గ్ సులభంగా గెలిచింది. రాత్రి భోజనాల దగ్గర గట్టిగా చదివి వినిపించాను. నాయన "బాగా రాసినావే" అన్నాడు. మా అవ్వ మాత్రం రాగి ముద్ద విరుస్తూ, "పాపా, ఆ రెండో ఊరి పక్కనేనా జోషిమఠం?" అని అడిగింది.

"అవునవ్వా."

"అక్కడ నరసింహస్వామి ఉంటాడంట కదా. చలికాలం బదరీనాథ్ గుడి మూసేస్తే, పూజలు అక్కడే చేస్తారంట."

అంతే. మళ్లీ ఏమీ అనలేదు. నాయనే "అమ్మా, అంత దూరం ఘాట్ రోడ్డులో నీ మోకాళ్లు ఏం కావాల?" అన్నాడు. "మోకాళ్లు ఇంట్లో ఉన్నా నొస్తాయి గదరా" అంది అవ్వ.

ఆ రాత్రి నోటుపుస్తకం మళ్లీ తీశాను. మంచు, ఎత్తు, దూరం, డబ్బు అన్నీ ఉన్నాయి. మాతో వచ్చే అవ్వకు ఏం కావాలో ఒక్క గడి కూడా లేదు. ఆమెను అడగాలని నాకు తోచనేలేదు. అయినా వెంటనే మనసు మారలేదని నిజం చెప్పాలి. గొండోలా బొమ్మ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పొద్దున లేచి మామకు ఫోన్ చేసి "ఔలీ" అన్నాను. అని, ఆ రోజంతా ముఖం ముడుచుకునే ఉన్నాను.

దేహ్రాదూన్ దాకా విమానంలో పోయి, అక్కడి నుంచి కారులో బయలుదేరాము. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ వచ్చినప్పుడల్లా అవ్వ కారు ఆపించి, నదులు కలిసే చోటికి దండం పెట్టింది. నాకు మూడుసార్లు వాంతి అయింది. అవ్వకు ఒక్కసారి కూడా కాలేదు!

జోషిమఠంలో స్వామి దర్శనం బాగా జరిగింది. స్వామి చెయ్యి ఏటేటా సన్నబడుతోందని, అది ఊడిన రోజు బదరీ దారి మూసుకుపోతుందని అక్కడివాళ్ల నమ్మకం. గుడి నుంచి వస్తుంటే ఒక ఇంటి గోడకు బీట కనిపించింది. నా చెయ్యి దూరేంత వెడల్పు. తలుపుకు తాళం వేసి ఉంది. అవ్వ అక్కడ నిలబడి, "కట్టుకున్నవాళ్లు ఎక్కడికి పోయినారో పాపం" అంది. టీవీలో ఆ బీటలు ఎన్నోసార్లు చూశాను. నా పుస్తకంలో అది "రోప్‌వే లేదు" అన్న ఒక్క మాటే.

ఔలీలో నేను భయపడినట్టే అయింది. మంచు పలచగా, అక్కడక్కడ మాత్రమే ఉంది. కృత్రిమ మంచు తయారుచేయడానికి అక్కడ ఒక చెరువు కట్టారు. కానీ చలి చాలకపోతే ఆ యంత్రాలు కూడా ఏమీ చేయలేవట. స్కీలు అద్దెకిచ్చే అన్న, "మంచు పడకపోతే మాకు ఆ ఏడు కూలి లేనట్టే" అన్నాడు. వాన పడని సంవత్సరం మా ఊళ్లో రాగి వేసినవాళ్లు కూడా ఇట్లాగే మాట్లాడుతారు.

ఆ అన్నే ఒక చిన్న వాలు మీద నాకు నేర్పించాడు. బూట్లు రాయిలాగా ఉంటాయి, చీలమండ వంగదు. వేగం తగ్గాలంటే స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టాలి. దాన్ని స్నో ప్లౌ, అంటే మంచు నాగలి అంటారు. అవ్వకు చెబితే, "ఇక్కడ కూడా దున్నేదేనా!" అని పడి పడి నవ్వింది. నేను ఏడుసార్లు పడ్డాను. ఎనిమిదోసారి పడకుండా కింద దాకా వచ్చి ఆగాను. అవ్వ శాలువా కప్పుకొని చప్పట్లు కొట్టింది. ఆమె వెనక నందాదేవి, 7,816 మీటర్లు, ఎండకు మెరుస్తోంది.

గుల్మార్గ్ చూడాలని నాకు ఇప్పటికీ ఉంది. చూస్తాను కూడా. కానీ ఈసారి నోటుపుస్తకంలో గీత గీసే ముందు, ఎవరెవరు వస్తున్నారో పైన పేర్లు రాసి, ఒక్కొక్కరినీ అడుగుతాను. మొదటి పేరు అవ్వది.

– 9వ తరగతి విద్యార్థిని