కంఠీరవలో ఒక రాత్రి

బెంగుళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు కబ్బన్ పార్కు కొత్త కాదు. ఆదివారం సాయంత్రం పిల్లలను తీసుకొని పోయి, చెనక్కాయలు ఒలుచుకొంటూ కూర్చోవడం మూడు తరాలుగా మా యింటి అలవాటు. కాని దగ్గరలోనే వున్న కంఠీరవ స్టేడియంలో మేము యింటిల్లిపాదీ అడుగుపెట్టింది 2017 అక్టోబరు 11వ తేదీ రాత్రే. ఆ చోట పూర్వం సంపంగి చెరువు వుండేది. మిగిలిన చిన్న కుంట దగ్గర యిప్పటికీ కరగ ఉత్సవపు పూజలు జరుగుతాయి.

ఆ రాత్రి ఇండియాకు, మకావుకు ఫుట్‌బాల్ పందెం. గెలిస్తే మన జట్టుకు ఆసియా కప్పులో ఆడే అర్హత వస్తుంది. మా పెదనాన్నగారికి అప్పటికి డెబ్బైతొమ్మిదేళ్ళు. టిక్కెట్లు తెప్పించి, అందరినీ మెట్రో రైలెక్కించారు. మా మేనల్లుడు మాత్రం రానన్నాడు. ఆ ఏడు పి.యు.సి.లో లెక్కలు తప్పి, సప్లిమెంటరీ వ్రాసి గట్టెక్కాడు. అప్పటినుంచీ నలుగురూ చేరే చోటికి వాడు రావడం మానేశాడు. పెదనాన్నగారు ఆ సంగతి ఎత్తనేలేదు. “మెట్లెక్కడానికి నాకొక చెయ్యి కావాలిరా” అన్నారు. వాడు వచ్చాడు.

ఆట మొదలయ్యే ముందు వాడే అడిగాడు: “తాతయ్యా, 2015లో ఒమాన్ చేతిలో మనవాళ్ళు యిక్కడే ఓడిపోయారు గదా? మళ్ళీ యెలా వచ్చారు?”

పెదనాన్నగారికి కావలసింది అదే. జేబులోంచి కాగితమూ పెన్సిలూ తీశారు. ఆ విడత 40 జట్లను అయిదేసి చొప్పున 8 గుంపులు చేశారు. గెలిస్తే 3 పాయింట్లు, సరిసమానమైతే 1. గుంపుల్లో మొదటివారు ఎనమండుగురు, రెండవవారిలో మెరుగైనవారు నలుగురు, మొత్తం 12 జట్లు నేరుగా ఆసియా కప్పుకు పోయాయి. మనం ఎనిమిది పందాలలో గెలిచింది ఒక్కటే, అదీ చిన్న ద్వీపమైన గువాం మీద. గుంపులో అట్టడుగు.

“అక్కడితో సరా?” అన్నాడు మేనల్లుడు.

సరి కాదు. అడుగున మిగిలినవారికి వేరే పందాలు పెట్టారు. 2016 జూన్‌లో మనవాళ్ళు లావోస్‌ను వాళ్ళ వూరిలో 1–0, గౌహతిలో 6–1 గోల్సుతో ఓడించారు. దానితో 24 జట్ల చివరి విడతలో చోటు దొరికింది. నాలుగేసి జట్లతో 6 గుంపులు. ప్రతి గుంపులోనూ పై యిద్దరికీ కప్పులో ప్రవేశం. మయన్మార్‌ను, కిర్గిజ్‌స్థాన్‌ను, మకావును ఒక్కొక్కసారి గెలిచి 9 పాయింట్లతో మళ్ళీ యీ మైదానానికి వచ్చారు.

“ఇదీ సప్లిమెంటరీయే అన్నమాట” అన్నాడు వాడు మెల్లగా. పెదనాన్నగారు కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నారు. “1964లో ఎదుటి జట్లు తప్పుకొంటే, మనం ఒక్క ఆటయినా ఆడకుండా నేరుగా పోయాం. నాలుగే జట్లు, రెండవ స్థానం. అంతకు రెండేళ్ళ ముందు హైదరాబాదు రహీం సాహెబు శిక్షణలో ఆసియా క్రీడల్లో బంగారం గెలిచిన వాళ్ళం. అప్పుడు మనల్ని ఆపేవారు లేరు” అన్నారు.

ఆట సంగతి చెప్పాలంటే, మొదట రౌలిన్ బోర్జెస్ గోలు కొట్టాడు. తొమ్మిది నిమిషాలకే మకావు సమం చేసింది. మా వదినగారు దణ్ణాలు మొదలుపెట్టారు. విరామం తరువాత సునీల్ ఛేత్రీ కొట్టిన గోలుతో స్టేడియమంతా లేచి నిలుచుంది; లేచినవాళ్ళలో మా మేనల్లుడు ముందు. ఆ పైన మకావువారే తమ వలలో ఒకటి వేసుకొన్నారు, చివర జేజే ఒకటి కొట్టాడు. 4–1.

తిరుగు రైలులో తెలిసిన తెలుగాయన ఒకరు తగిలి, “ఏం నాయనా, యేం చదువుతున్నావు?” అన్నారు. మాకు గుండె గుభేలుమంది. “బి.కాం. అండీ. లెక్కలు తప్పి, రెండోసారి వ్రాసి పాసయ్యాను” అన్నాడు వాడు.

2019 జనవరిలో అబుదాబిలో థాయ్‌లాండ్‌ను 4–1 తో ఓడించడం టి.వి.లో చూశాము. తరువాతి రెండూ పోయాయి. బహ్రెయిన్ మీద ఆఖరి ఘడియల పెనాల్టీతో. ఆ సెప్టెంబరులో అర్హత పందాలు మళ్ళీ మొదలు. గౌహతిలో మొదటి ఆట ఒమాన్‌తోనే, మళ్ళీ 1–2. పెదనాన్నగారు టి.వి. కట్టేసి, మేనల్లుణ్ణి పిలిచి కాగితం, పెన్సిలు తెమ్మన్నారు.