పాత జీపా, బొలేరోనా?



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మన సంఘపు తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, మాకు తెలిసిన సంఘం ఒకటి కొండ గ్రామాల పరిచర్య కోసం సెకండ్ హ్యాండ్ బండి కొందామనుకుంటోంది. పాత జీపు తీసుకోమంటారా, కొంచెం కొత్త బండి చూడమంటారా? మీరు కొన్నారు కదా" అని అడిగాడు. రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న దగ్గర నేనే ఒకసారి తప్పటడుగు వేయబోయాను. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

మీలో చాలామందికి తెలుసు, మన సంఘమున్న అయిదు గ్రామాల్లో మూడింటికి తారు రోడ్డు లేదు. పాడేరు నుంచి మండల కేంద్రం దాకా ప్రయాణానికి ఇబ్బంది లేదు. అక్కడినుంచి గెడ్డ దాటితే ఎర్రమట్టి, రాళ్లు, నిట్టనిలువు ఎక్కుడు. వాన పడితే ఆ ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. నా దగ్గర అప్పట్లో మోటారు సైకిలు ఒక్కటే ఉండేది.

2022 వానాకాలంలో ఒక రాత్రి పై గ్రామం నుంచి కబురొచ్చింది. మన సహోదరికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు గెడ్డకు ఇవతలే ఆగిపోయింది. దారి లేనిచోట వాళ్లు మాత్రం ఏం చేస్తారు? మన కుర్రాళ్లు డోలీ కట్టి, టార్చిలైట్ల వెలుతురులో ఆమెను మోసుకొచ్చారు. నేను ముందు నడిచాను. సహోదరి బతికింది. బిడ్డ దక్కలేదు. ఆ బిడ్డను మట్టి చేసిన రోజు నేను చేసిన ప్రార్థనలో మాటల కంటే మౌనమే ఎక్కువ.

తర్వాతి ఆదివారం ఎవరూ చెప్పకుండానే స్త్రీల సమాజం వాళ్లు లేచి, పిడికెడు బియ్యం డబ్బు ఇకమీదట బండికే వాడాలన్నారు. పట్నంలో ఉన్న మన పిల్లలకు గుర్తుండకపోవచ్చు కాబట్టి చెప్తున్నాను. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని పేర వేరే కుండలో వేయడం మన అక్కల అలవాటు. ఆ బియ్యం అమ్మిన డబ్బు మూడేళ్లుగా దాచి ఉంది. దానికి కాఫీ గింజల కోత కానుక కలిసింది. 2023 వేసవికి లెక్క చూస్తే మూడు లక్షల పదివేలు. అందులో ఒక్క రూపాయి కూడా పొట్ట నిండినవాళ్లు ఇచ్చింది కాదు. ఆ డబ్బు పట్టుకుని నేను బండి వెతకడానికి బయల్దేరాను.

రెండు దొరికాయి. ఒకటి 1994 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపు, ధర రెండు లక్షల అరవై వేలు. రెండోది 2013 మోడల్ బొలేరో. మామూలు బొలేరో కాదు, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నది. అలాంటివి తక్కువగా దొరుకుతాయి. బేరమాడగా నాలుగు లక్షల అరవై వేలకు వచ్చింది.

నా మనసంతా జీపు మీదే ఉంది. దాచడమెందుకు, చూసిన మొదటి నిమిషంలోనే నిర్ణయించేసుకున్నాను. 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడంతో మహీంద్రా కంపెనీ వాహనాల పని మొదలైంది. ఆ వంశంలో పుట్టిన బండి ఇది. నా చిన్నప్పుడు మా ఊరొచ్చే పాస్టరుగారు జీపులోనే వచ్చేవారు. మలుపులో దాని చప్పుడు వినబడితే చాలు, పిల్లలందరం పరిగెత్తేవాళ్లం. అలాంటి జీపు స్టీరింగు పట్టుకుని మన గ్రామాల్లోకి నేను వెళ్తున్నట్టు అప్పుడే కలలు కన్నాను.

జీపుకు నిజమైన మంచి గుణాలు కూడా ఉన్నాయి. ప్యూజో డిజైను నుంచి వచ్చిన 2.1 లీటర్ల డీజిల్ ఇంజను. కంప్యూటరు లేదు, సెన్సార్లు లేవు. స్పానర్లు, సుత్తి ఉన్న మెకానిక్ ఎవరైనా విప్పగలడు. పొట్టి బండి కాబట్టి ఇరుకు మలుపుల్లో తేలిగ్గా తిరుగుతుంది. బొలేరోది కామన్ రైల్ ఇంజను. డీజిల్లో నీళ్లు, దుమ్ము కలిస్తే ఇంజెక్టర్లు పాడవుతాయి, ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది. మన దగ్గర క్యాన్లలో అమ్మే డీజిల్ సంగతి మీకు తెలిసిందే.

వీటన్నిటి వెనక ఇంకో కారణం ఉంది. దాన్ని అప్పుడు పైకి అనలేదు. పాస్టర్ల కార్ల గురించి లోకం ఏమనుకుంటుందో మనకు తెలుసు. పాత జీపులో వెళ్తే "మన అయ్యగారు ఎంత సాదాగా ఉంటారో" అంటారు. బొలేరోలో వెళ్తే "కానుకలు బాగా వస్తున్నట్టున్నాయి" అంటారు. పాతది వినయమనీ, కొత్తది గర్వమనీ నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఇంటికొచ్చి మా ఇంటావిడకు జీపు ఫొటోలు చూపించాను. ఆమె ఒక్కొక్కటీ చూసి, "ఏవండీ, ఇందులో నొప్పులు పడుతున్న మనిషిని ఎక్కడ కూర్చోబెడతారు?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. జీపు వెనక రెండు పక్కలా ఎదురెదురుగా సన్నటి బల్లలు ఉంటాయి. గుంతలో పడితే కూర్చున్నవాళ్లు ఎగిరిపడతారు. బెల్టులు లేవు. పైన గుడ్డ టాపు, పక్కలనుంచి వాన కొడుతుంది. బొలేరోలో మధ్య సీటు ముందుకు చూస్తూ ఉంటుంది. ముగ్గురు పట్టే ఆ సీటులో ఒక మనిషి ఒరిగి పడుకోవచ్చు, పక్కన ఒకరు తల పట్టుకోవచ్చు. బండి కొనాలన్న ఆలోచన ఎవరి వల్ల పుట్టిందో ఆ సహోదరిని నేను లెక్కలోకే తీసుకోలేదు. స్టీరింగు దగ్గర కూర్చునేవాడి వైపు నుంచే రెండు బండ్లనూ చూశాను.

అయినా జీపు మీద ఆశ చావలేదు. నర్సీపట్నంలో తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లాను. "పాస్టరుగారూ, పాత బండిని నిలబడి చూడకూడదు, కింద పడుకుని చూడాలి" అని ఆయన గోనెసంచి పరుచుకుని జీపు కిందికి దూరాడు. చిన్న సుత్తితో చాసిస్ పొడవునా కొట్టుకుంటూ పోయాడు. గట్టి ఇనుము ఖంగుమని మోగింది. స్ప్రింగు పట్టీలు బిగించే చోటికి వచ్చేసరికి చప్పుడు మొద్దుబారింది. అక్కడ స్క్రూడ్రైవరు మొనతో గుచ్చితే కొత్త నల్ల రంగు పెచ్చులుగా ఊడి, తుప్పు రాలింది. ఆ జీపు చాలా ఏళ్లు సముద్రం పక్కన చేపల పనికి తిరిగిందట. తయారుచేసినవాళ్ల తప్పు కాదు, ఉప్పుగాలి తగిలిన ఇనుము ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత అలాగే ఉంటుంది. పైన రంగు వేయడమే నాకు బాధ కలిగించింది.

అక్కడే కూర్చుని కాగితం మీద లెక్క రాశాం. చాసిస్‌కు వెల్డింగు, బ్రేకులు, గేర్‌బాక్సు పని, అన్నీ కలిపి లక్షా ఇరవై వేలు అవుతాయన్నాడు. అంటే జీపు మూడు లక్షల ఎనభై వేలు. పైగా సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లదాకా చెల్లుతుంది, తర్వాత అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్ చేయించుకోవాలి. ఈ జీపుకు మళ్లీ 2024లోనే గడువు. కార్లు, జీపులకు ఆ రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి అప్పట్లో అయిదు వేలు ఉండేది, గ్రీన్ టాక్సు వేరే. బొలేరోకు 2028 దాకా ఆ పని లేదు. రెండు లక్షల తేడా అనుకున్నది ఎనభై వేలకు దిగింది.

లూకా సువార్త 14వ అధ్యాయం మీద ఎన్నిసార్లు ప్రసంగించానో నాకే లెక్క లేదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం అది. దాన్ని నాకు ఆ రోజు అర్థమయ్యేలా చెప్పింది, గ్రీజు చేతులతో పెన్సిలు పట్టుకున్న ఒక మెకానిక్.

ఇక తక్కువపడిన డబ్బు లక్షా యాభై వేలు. అప్పు చేయకూడదని సంఘ పెద్దలు ముందే తీర్మానించారు. నా మోటారు సైకిలు యాభై వేలకు అమ్మాను. మిగతా లక్ష, యవ్వనస్థులు కొత్త సౌండ్ సిస్టమ్ కోసం రెండేళ్లు కష్టపడి కూడబెట్టింది. నేను అడగలేదు, అడిగే ధైర్యం లేకపోయింది. వాళ్లే తెచ్చి బల్ల మీద పెట్టారు. "పాత మైకుతోనే పాడుకుంటాం అయ్యగారూ" అన్నారు. మన పాత మైకు ఈ రోజుకీ ఆరాధన మధ్యలో కూస్తుంది. అది కూసినప్పుడల్లా నేను లోలోపల స్తోత్రం చెప్పుకుంటాను.

బొలేరోనూ ఊరికే కొనలేదు. తెల్లవారుజామున ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి పొగ చూశాం. ఇంజనాయిల్ పాలలా తెల్లబడిందేమో చూశాం, అలా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టు. చాసిస్ నంబరు ఆర్సీతో సరిపోల్చాం. ఫైనాన్సు బాకీ లేదన్న కాగితం తీసుకున్నాం. వదులుగా ఉన్న మట్టి మీదికి తీసుకెళ్లి ఫోర్ వీల్ లో గేరు వేసి నడిపాం. వాడక ఫోర్ వీల్ పట్టేసిన బండ్లు చాలా ఉంటాయి. ఆర్సీ నా పేరు మీద కాకుండా సంఘం సొసైటీ పేరు మీద రాయించాం. నేను రేపు ఇక్కడ ఉండకపోవచ్చు, బండి ఉండాలి.

ఇంత చేసినా నా లెక్క తప్పింది. టైర్లు, ఇన్సూరెన్సు, పేరు మార్పిడి ఖర్చు ముందుగా వేసుకోలేదు. నాలుగు నెలల కానుక వాటికే పోయింది. పెద్దల ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను. అప్పటినుంచి ప్రతి నెలా కిలోమీటర్లు, డీజిలు, రిపేర్లు సంఘంలో చదివి వినిపిస్తున్నాం. డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవడానికి సొంత బండికి చట్టం ఒప్పుకోదు కాబట్టి, ఎక్కినవాళ్ల దగ్గర రూపాయి తీసుకోం.

మొదటి వానాకాలంలోనే గెడ్డ అవతల బురదలో కూరుకుపోయాను. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందన్న ధీమాతో వెళ్లకూడని చోటికి వెళ్లాను. ఊరంతా వచ్చి నవ్వుకుంటూ తోశారు. అప్పుడు నేర్చుకున్నవి రెండు. తడి మట్టి మీద ఫోర్ వీల్ మంచిదే గానీ, పొడి తారు రోడ్డు మీద వేస్తే మలుపుల్లో గేర్లు, టైర్లు నలిగిపోతాయి. ఏ గేరులో కొండెక్కామో అదే గేరులో దిగాలి, ఒక్క బ్రేకునే నమ్ముకోకూడదు.

మరి ఆ తమ్ముడికి ఏం చెప్పాలి? కొత్తదే మంచిదని చెప్పను. చాసిస్ గట్టిగా ఉండి, సరుకులు మోయడమే పనయితే, పాత జీపు ఇప్పటికీ మంచి బండే. మరీ కొత్తదైతే ఇంకో చిక్కు ఉంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో చాలావాటికి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. కొంతసేపు వేగంగా నడిచి వేడెక్కితేనే ఆ మసి కాలుతుంది. రోజూ కొండదారిలో పాకే బండికి అది మూసుకుపోవచ్చు. కాబట్టి ఏ సంవత్సరం మోడల్ అని ముందే అడగకండి. ఎవర్ని ఎక్కించాలి, ఏ దారిన వెళ్లాలి, చెడితే ఎవరు బాగుచేస్తారు, ఆ ఖర్చు ఎవరి కుండలోంచి వస్తుంది, వీటిని అడగండి.

మంచి సమరయుడు గాయపడినవాణ్ణి తన వాహనం మీద ఎక్కించుకుని సత్రానికి చేర్చాడు. ఆ జంతువు ముసలిదో, వయసుదో సువార్తలో లేదు. ఒక మనిషిని మోయగలిగింది, అంతే మనకు తెలుసు. సమరయుడు తాను దిగి పక్కన నడిచి ఉంటాడు. నేను జీపు చూసినప్పుడు దాని మీద ఎక్కి ఉన్నవాణ్ణి నేనే. దిగడానికి మా ఇంటావిడ ప్రశ్న కావలసి వచ్చింది.

పోయిన ఏడాది ఆ సహోదరికి మళ్లీ నెలలు నిండాయి. ఈసారి రాత్రిదాకా, నొప్పులదాకా ఆగలేదు. నర్సమ్మ చెప్పినట్టు రెండు వారాల ముందే కిందికి రమ్మన్నాం. పై గ్రామానికి చివరి మూడు కిలోమీటర్లు ఈ రోజుకీ ఏ బండీ వెళ్లదు. అక్కడిదాకా ఆమె నెమ్మదిగా నడిచి వచ్చింది. పగటిపూట, ఎండ కాస్తుండగా, మధ్య సీటులో మా ఇంటావిడ పక్కన కూర్చోబెట్టుకుని దింపాం. బండి ఆ రోజు గొప్ప పనేమీ చేయలేదు. నింపాదిగా వెళ్లింది, అంతే. ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు బొలేరో హారన్ వినబడితే వాళ్లమ్మ చంకలోంచి చేతులు ఊపుతుంది.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, నీ పేదల పిడికిళ్లలోంచి వచ్చినదాన్ని ఖర్చుపెట్టేటప్పుడు మాకు భయం నేర్పించు. వినయం వేషం వేసుకున్న మా గర్వాన్ని మాకు చూపించు. దారి లేని ఆ మూడు కిలోమీటర్లలో మోసేవారి భుజాలకు బలమివ్వు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు