ఒక్కో మరమ్మతుకు ఒక్కో మజిలీ

విజయవాడ ఆటోనగర్ చూసినవాళ్ళకు కిట్ కారు అంటే ఏమిటో ఇట్టే అర్థమవుతుంది. మా చిన్నతనంలో ఫ్యాక్టరీ నుంచి కొత్త లారీ వచ్చిందంటే ఇంజనూ, ఛాసిస్సూ, చక్రాలూ, స్టీరింగూ, అంతే. పైన కప్పుండదు, పక్కన తలుపులుండవు. డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండకూ దుమ్ముకూ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆ అస్థిపంజరాన్ని అలాగే వందల మైళ్ళు తోలుకొచ్చేవాడు. ఆ తర్వాత ఆటోనగర్ వడ్రంగులూ, వెల్డర్లూ, పెయింటర్లూ కలిసి దానికి ఒళ్ళు కట్టేవారు. మా మేనమామకు అక్కడ ఒక చిన్న షెడ్డుండేది. వేసవి సెలవుల్లో ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే మాట: "అన్నీ ఒకేసారి విప్పకురా అబ్బాయ్. సాయంత్రానికి బిగించగలిగినంతే పొద్దున విప్పు."

తర్వాత కంప్యూటర్లలో మాస్టర్స్ చేసి, కెనడా వచ్చి, రిచ్‌మండ్ హిల్‌లో స్థిరపడ్డాను. కన్సల్టెంటుగా నా పని కూడా దాదాపు అదే. నడుస్తున్న సిస్టమ్‌ను ఆపకుండా దాని లోపలి భాగాలు ఒక్కొక్కటే మార్చడం. నాలుగేళ్ళుగా మా గరాజులో ఉన్న ఒక పాత కారు విషయంలోనూ ఈ ఒక్క సూత్రమే పాటిస్తున్నాం. ఆ కారు వల్ల మాకు మా ఊరు కూడా కొత్తగా తెలిసింది. ఆ సంగతే ఈ వ్యాసం.

ముందు డిక్కీ, వెనక ఇంజను

కిట్ కారంటే బాడీ భాగాలు పెట్టెల్లో కొనుక్కుని, ఇంజనూ ఛాసిస్సూ వేరే పాత కారువి తీసుకుని ఇంట్లో బిగించుకునే బండి. ఇంగ్లండులో 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఇలాగే పేరు తెచ్చుకుంది. పూర్తిగా తయారైన కారు కొంటే పన్ను పడేది. విడిభాగాలుగా కొనుక్కుని సొంతంగా బిగించుకుంటే ఆ పన్ను తప్పేది! అమెరికాలో బ్రూస్ మేయర్స్ అనే పడవల తయారీదారు 1964లో ఫోక్స్‌వాగన్ బీటిల్ భాగాల మీద ఫైబర్ గ్లాస్ తొట్టెలాంటి బాడీ పెట్టి ఇసుక తిన్నెల మీద నడిపాడు. ఆ తర్వాత బీటిల్ ఛాసిస్ మీద ఎన్నో రకాల బాడీలు వచ్చాయి.

మాది వాటిలో ఒకటి. చూడడానికి 1950ల నాటి ఇంగ్లిషు ఎంజీ స్పోర్ట్స్ కారు, లోపల 1968 బీటిల్. పిల్లలూ, మీరు మా ఇంటికొస్తే ముందుగా బానెట్టు తెరిచి చూపిస్తాను. అంత పొడుగాటి ముక్కు కింద ఇంజను ఉండదు! పెట్రోలు ట్యాంకూ, కాస్త సామాను పెట్టుకునే చోటూ ఉంటాయి. ఇంజను వెనకాల ఉంటుంది. దానికి రేడియేటరూ లేదు, నీళ్ళూ లేవు. గాలితోనే చల్లబడుతుంది. బీటిల్ కార్లు ప్రపంచంలో 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయ్యాయి. చివరిది 2003 జూలైలో మెక్సికోలో బయటికొచ్చింది. అందుకే వాటి విడిభాగాలు ఈనాటికీ సులువుగా దొరుకుతాయి.

మన హైదరాబాదు వెళ్ళినప్పుడు బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గర ఉన్న సుధా కార్స్ మ్యూజియం తప్పక చూడండి. సుధాకర్ గారు పుస్తకం, క్రికెట్ బంతి, బర్గర్ లాంటి ఆకారాల్లో చేతితో చేసిన కార్లున్నాయక్కడ. అవి బొమ్మలు కావు, నడుస్తాయి. చేతితో చేసిన కారైనా దాని అందం కదిలినప్పుడే తెలుస్తుంది.

ఒక షరతు

ఈ కారును 1970ల చివర్లో మా వీధి చివర ఇంటాయన ఒక చలికాలమంతా కూర్చుని, భార్య సాయంతో బిగించుకున్నాడు. ఆవిడ ఇప్పుడు లేరు. ఆయనకు ఎనభై దాటాయి, చూపు మందగించింది. 2021 వసంతంలో కారు మాకిస్తూ ఒకటే మాటన్నాడు: "నడిచే బండి ఇస్తున్నాను. విప్పి అట్టపెట్టెల్లో పెట్టకండి. నేనున్నన్నాళ్ళూ దీని చప్పుడు వీధిలో వినబడాలి."

ఆ కోరిక వెనక అనుభవముంది. పాత కార్ల మీద మోజుపడ్డ చాలామంది మొదటి వారమే మొత్తం విప్పేస్తారు. తర్వాత ఉద్యోగం, పిల్లల చదువులు, ఇండియా ప్రయాణాలు. చివరికి పదేళ్ళకు ఏ నట్టు ఎక్కడిదో తెలియని సామాను ఇంకొకరికి అమ్మేస్తారు.

మా ఆవిడ ఇంకో షరతు పెట్టింది. "మీరొక్కరే తిరిగితే అది మీ సరదా. పాపని ఎక్కించుకోవాలంటే మాత్రం ముందు నాకు నమ్మకం కలగాలి." అప్పుడు మా అమ్మాయికి పన్నెండేళ్ళు. కాబట్టి ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం: ఒక మరమ్మతు పూర్తయితే ఒక మజిలీ. ఆ పని నమ్మకంగా నిలబడ్డాకే ఇంకాస్త దూరం.

మొదటి మజిలీ: మా వీధి

ఒంటారియోలో పాత కారు కొని రోడ్డెక్కించాలంటే గుర్తింపు ఉన్న మెకానిక్ షెడ్డులో తనిఖీ చేయించి సేఫ్టీ సర్టిఫికెట్ తీసుకోవాలి. దాని గడువు 36 రోజులు. కారును ట్రక్కు మీద తీసుకెళ్ళి చూపిస్తే మెకానిక్ రెండు లోపాలు రాసిచ్చాడు. బ్రేకు గొట్టాలు పగుళ్ళిచ్చాయి. బ్యాటరీ కింద నేల రేకు తుప్పు పట్టింది. ఫైబర్ గ్లాస్ తుప్పు పట్టదు కానీ, దాన్ని మోసే ఇనుము పడుతుంది. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఇనుమంటే మహా ఇష్టం.

వెల్డింగు ఇంట్లో పెట్టుకోలేదు. ఇంటికి అతుక్కున్న గరాజులో, పెట్రోలు ట్యాంకున్న బండి పక్కన నిప్పురవ్వలు ఎగరకూడదు. నేల రేకు పని వెల్డింగు షెడ్డుకే ఇచ్చాం. బ్రేకులు మాత్రం ఇంట్లో చేశాం. అమెరికా, కెనడాలకు వచ్చిన బీటిల్ కార్లలో 1967 నుంచి బ్రేకులు రెండు విడి వలయాలుగా ఉంటాయి. ఒకటి పోయినా రెండోది పట్టుకుంటుంది. గొట్టాలు మార్చి, కొత్త ద్రవం పోసి, లోపలి గాలి బయటికి తీశాం. మా అమ్మాయి పెడల్ దగ్గర, నేను చక్రం దగ్గర. "నొక్కు... అలాగే ఉంచు... వదులు." వెనక కుడి చక్రంతో మొదలుపెట్టి, ముందు ఎడమ చక్రంతో ముగించాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్ళకోసారి మార్చాలి. ఆ తేదీ మా అమ్మాయే నోటు పుస్తకంలో రాసుకుంది.

పెట్రోలు రబ్బరు గొట్టాలు కూడా అప్పుడే అన్నీ మార్చాం. వేడి ఇంజను మీద గొట్టం పగిలి పెట్రోలు కారితే బండి అంటుకుంటుంది. బీటిల్ ఇంజను కేసులో మెగ్నీషియం ఉంటుంది, ఒకసారి అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. సీటు పక్కన మంటలార్పే సిలిండరు బిగించాకే తాళం తిప్పాను. సర్టిఫికెట్ వచ్చింది, నంబరు ప్లేటు వచ్చింది. వీధి చుట్టూ ఒక రౌండు. చివరింటాయన వరండాలో నిలబడి విన్నాడు.

రెండో మజిలీ: మిల్ పాండ్, అబ్జర్వేటరీ

సర్టిఫికెట్ తనిఖీ జరిగిన రోజు సంగతి చెబుతుంది. మర్నాటి సంగతి మనమే చూసుకోవాలి. పరీక్షనాడు చక్కగా వెలిగిన దీపాలే, శరదృతువు చెమ్మకు మిణుకు మిణుకుమన్నాయి. కారణం తమాషాగా ఉంటుంది. మామూలు కారుకు ఇనుప బాడీయే కరెంటు తిరిగొచ్చే దారి. ఫైబర్ గ్లాసులో కరెంటు పారదు. అందుకని ప్రతి దీపానికీ విడిగా ఎర్త్ వైరు ఛాసిస్ దాకా లాగాలి. నలభై ఏళ్ళ నాటి ఆ వైర్ల కొనలన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

2021 చలికాలమంతా ఆ పనే. ఒక దీపం వైరు తీయడం, ఫోటో, చీటీ, కొత్త వైరు, పరీక్ష. ఆ తర్వాతే ఇంకోటి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బండి ఎలాగూ బయటికి రాదు. వసంతం వానలకు రోడ్ల మీది ఉప్పంతా కొట్టుకుపోయాకే తలుపు తీస్తాం.

అప్పటిదాకా పగలు మిల్ పాండ్ వరకే వెళ్ళొచ్చేవాణ్ణి. పాత ఊరి మధ్యలో బాతులూ, నడక దారీ ఉన్న చిన్న చెరువది. వైర్లు పూర్తయ్యాక, 2022 వేసవిలో, మొదటిసారి చీకటి పడ్డాక డేవిడ్ డన్‌లప్ అబ్జర్వేటరీ వైపు తీసుకెళ్ళాను. చెట్ల మధ్య తెల్లటి గుమ్మటం. డన్‌లప్ గారి జ్ఞాపకార్థం ఆయన భార్య జెస్సీ ఇచ్చిన విరాళంతో కట్టి, 1935లో తెరిచారు. అందులో 74 అంగుళాల అద్దమున్న టెలిస్కోపు ఆనాడు ప్రపంచంలో రెండో పెద్దది. సిగ్నస్ ఎక్స్-1 అనే చోట బ్లాక్ హోల్ ఉందని 1970ల మొదట్లో టామ్ బోల్టన్ ఇక్కడి పరిశీలనలతోనే చూపించాడు. ఇన్నేళ్ళుగా ఆ దారిన పోతున్నా ఆగి చూసింది లేదు. గంటకు యాభై కిలోమీటర్ల లోపు పోయే బండి ఎక్కితే ఊరు కంటికి ఆనుతుంది.

మూడో మజిలీ: గణేశ ఆలయం

తర్వాత సీటు బెల్టులు. ఒంటారియోలో 1976 జనవరి 1 నుంచి బెల్టు తప్పనిసరి. మా బండిలో నడుముకు పెట్టుకునేవే ఉండేవి. భుజం మీదుగా వచ్చే బెల్టులు పెట్టించాలంటే వాటి బోల్టులు ఫైబర్ గ్లాసుకు కాకుండా ఇనుముకు పట్టాలి. లేకపోతే గట్టి కుదుపుకు బెల్టుతో సహా గోడ ఊడొస్తుంది. సీట్ల వెనక ఛాసిస్‌కు పట్టేలా ఉక్కు చట్రం ఒకటి షెడ్డులో చేయించాం. 2023 జూన్‌లో మా ఆవిడ స్వయంగా కూర్చుని, రెండు చేతులతో బెల్టు లాగి చూసి, "సరే" అంది.

ఆ ఆదివారమే బేవ్యూ అవెన్యూ మీది గణేశ ఆలయానికి వెళ్ళాం. అయ్యవారు బానెట్టు మీద పసుపు కుంకుమలద్ది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. పార్కింగులో మనవాళ్ళంతా చుట్టూ మూగారు. "ఇంత కష్టమెందుకండీ, ఆ డబ్బుతో ఎలక్ట్రిక్ కారొచ్చేది కదా!" అన్నారొకాయన. "రంగెప్పుడు వేయిస్తారు?" అన్నారింకొకాయన. రంగు అన్నిటికన్నా చివర. బాడీ మీది పగుళ్ళు మాత్రం వేసవిలో పూడుస్తున్నాం. చలిలో రెసిన్ సరిగ్గా గట్టిపడదు. మాస్కు, గ్లౌజులు, తలుపు బార్లా తెరవడం తప్పనిసరి. గాజు పొడి ఒంటికి తగిలితే మన దూలగొండి గుర్తొస్తుంది.

నాలుగో మజిలీ: లేక్ విల్కాక్స్

యంగ్ స్ట్రీట్ 1790లలో నరికిన అడవి బాట. దాని వెంట ఉత్తరానికి పోతే ఓక్ రిడ్జెస్ దగ్గర నేల ఎత్తుగా లేస్తుంది. మంచు యుగంలో హిమానీనదాలు వదిలిపోయిన ఇసుకా కంకరల గుట్టలవి. లేక్ విల్కాక్స్ కూడా ఆనాటి మంచుదిబ్బ కరిగి ఏర్పడిన సరస్సే. కొత్త కారుకది ఎత్తని కూడా తెలియదు. గాలితో చల్లబడే పాత ఇంజనుకు బాగా తెలుస్తుంది.

కారిచ్చినాయన ముందే చెప్పాడు, "మూడో సిలిండరు వాల్వు చూసుకో" అని. ఆ కాలపు బీటిల్ ఇంజన్లలో ఆయిల్ కూలరు గాలి దారికి అడ్డంగా ఉంటుంది. దాని వెనకున్న మూడో సిలిండరుకు వేడెక్కిన గాలే అందుతుంది. చల్లటి ఇంజను మీద వాల్వుల సందు అంగుళంలో వెయ్యింట ఆరు వంతులుండాలి. మా అమ్మాయి గేజితో కొలిచింది. మూడోది బిగిసిపోయి ఉంది. సరిచేసి, ఆయిల్ మార్చి, ఒక నెల్లాళ్ళు దగ్గర దూరాలు తిప్పి, మళ్ళీ కొలిచాం. సందు మారలేదు.

2024 ఆగస్టులో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఎత్తు ఎక్కాను. దారంతా ఆయన మాట్లాడలేదు, తల కొంచెం వెనక్కి తిప్పి ఇంజను వింటూ కూర్చున్నాడు. సరస్సు దగ్గర ఆపాక, "మూడోది ఎవరు సరిచేశారు?" అనడిగాడు. మా అమ్మాయని చెప్పాను. "మా ఆవిడ కూడా వాల్వులు తనే చూసేది," అని, చాలాసేపు నీళ్ళవైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు.

2025 వసంతంలో ఆయన వృద్ధుల ఆశ్రమానికి మారిపోయాడు. అది మా వీధికి పది నిమిషాల దూరంలోనే ఉంది. నెలకోసారి కారు ఆ గుమ్మం ముందు ఆపి, ఇంజను ఆపకుండా ఉంచుతాం. మా అమ్మాయికి పదహారేళ్ళు నిండి, జీ-1 లైసెన్సు వచ్చింది. నేను పక్కన కూర్చుంటే చేత్తో గేర్లు వేస్తూ క్లచ్చు నేర్చుకుంటోంది. తన నోటు పుస్తకంలో తర్వాతి పేజీ మీద "లేక్ సిమ్కో, సుమారు 50 కిలోమీటర్లు" అని రాసి, దాని కింద చేయాల్సిన పనులు వరుసగా పెట్టింది: ముందు చక్రాల బేరింగులు, టైర్ల వయసు, స్టీరింగులో ఆట. రంగు మాట అందులో ఇంకా లేదు.