ఇనప విసనకర్ర

తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాడికి మోటారు యంత్రాలతో యేం పని అని మీరు అడగవచ్చు. మా కాలేజీ మిత్రులు అడగనే అడిగారు. మొన్న చలికాలమంతా నేను ప్రబంధాల కంటె రేడియేటర్ల గురించే యెక్కువగా ఆలోచించిన మాట నిజం. ఖాళీ పీరియడులో కాగితం మీద అంగుళాల లెక్కలు వేసుకుంటూంటే లెక్కల మాస్టారు తొంగిచూసి, "ఛందస్సేనా?" అన్నారు. ఛందస్సు కాదు గాని, పట్టింపుల్లో దానికేమీ తీసిపోదు. మా పాత జీపుకు ఒక ఫ్యాను యెంపిక చెయ్యాలి. ఇంజను ముందు తిరిగే రెక్కల ఫ్యాను. అంతే సంగతి. ఆ "అంతే" మా ఇంట్లో మూడు నెలలు పట్టింది.

జహీరాబాదు వాళ్లకు మోటారు బళ్లు కొత్త కాదు. హైదరాబాదు నుంచి బొంబాయి పోయే రహదారి మీద, హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక పొలిమేరకు చేరువలో వుంది మా వూరు. 1980 దశకంలో ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ వారి తేలిక లారీల ఫ్యాక్టరీ వచ్చింది. తరవాత అది మహీంద్రా వారి చేతికి వచ్చింది. 2013లో ట్రాక్టర్ల తయారీ కూడా మొదలయింది. అంచేత మా వూళ్లో మెకానిక్కులకు కొదవ లేదు. సలహాలకు అసలే లేదు.

ఆ జీపు మా బాపు కొన్నది. కోహీరు వైపు మాకు కాస్త చెరకు భూమి వుంది. 1976లో ఆయన దాన్ని వేరొకరి దగ్గర పాతదిగానే కొన్నారు. అప్పుడు అది పెట్రోలు బండి. తరవాత పెట్రోలు ఖర్చు భరించలేక, ఆ రోజుల్లో అందరూ చేసినట్లే, డీజిలు ఇంజను వేయించి ఆ మార్పును ఆర్.సి. పుస్తకంలో యెక్కించారు. కొత్త ఇంజను పాతదానికంటె పొడుగు. దాన్ని ఇరికించడంలో రేడియేటరుకూ ఫ్యానుకూ మధ్య జాగా తగ్గింది. రెక్కల చుట్టూ వుండే రేకు తొడుగు అడ్డం వచ్చిందని తీసి పక్కన పెట్టారు. అది తిరిగి కనిపించలేదు.

ఆ నాటి నుంచి జీపుకు ఒక విచిత్రమైన గుణం అబ్బింది. రహదారి మీద 50 కిలోమీటర్ల వేగంతో పోతే చల్లగా వుంటుంది. చెరకు బళ్ల వెనక చిక్కి నత్తనడక నడిస్తే ఉడికిపోతుంది. మా వూరు సముద్రమట్టానికి 600 మీటర్ల పైన వుంది గనుక ఇక్కడ నీరు 98 డిగ్రీలకే మరుగుతుంది. రేడియేటరుకు 7 పౌన్ల ఒత్తిడి మూత బిగిస్తే ఇంకో పదీ పన్నెండు డిగ్రీలు ఓర్చుకుంటుంది. అంతకు మించితే ఆవిరే. ఆ వేడికి ఇంజను హెడ్డు వంకరపోయిందంటే జీపు కథ కంచికి వెళ్లినట్లే.

పోనీ, ఇంత తాపత్రయం యెందుకు, హాయిగా కారులో పోవచ్చు గదా అనవచ్చు. బాపుకు 81 యేళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి. కారులో కూర్చోవాలంటే నడుము వంచి గుంటలోకి దిగినట్లు దిగాలి. జీపు సీటు యెత్తుగా వుంటుంది. చెయ్యి పట్టుకుని ఒక్క అడుగు వేస్తే చాలు, కుర్చీలో కూర్చున్నట్లు కూర్చుంటారు. యేటా శివరాత్రికి ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుణ్ణి చూడటం ఆయనకు చిన్ననాటి అలవాటు. జీపు మీద భరోసా లేక వరసగా రెండేళ్లు మానుకున్నారు. మానుకున్న విషయం ఆయన అనలేదు. ఆ రెండు శివరాత్రులూ వాకిట్లో కుర్చీ వేసుకుని, రోడ్డు మీద పోయే బళ్లను చూస్తూ కూర్చున్నారు.

ఇందులోకి మా అమ్మాయి ప్రవేశించింది. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నది. సెలవులకు వచ్చి, జీపు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, "నాన్నా, దీన్ని హాట్ రాడ్ చేద్దాం" అంది. అదేమిటమ్మా అంటే పెద్ద ఉపన్యాసమే ఇచ్చింది. అమెరికాలో 1930 దశకంలో కాలిఫోర్నియా కుర్రాళ్లు చవకగా దొరికే పాత ఫోర్డు కార్లు కొని, అనవసరమైన రేకులు ఊడదీసి, ఇంజనుకు బలం పెంచి, ఎండిన సరస్సుల మీద పందేలు వేసుకునేవారట. 1932లో ఫోర్డు కంపెనీ 65 అశ్వశక్తుల వి-8 ఇంజనుతో సామాన్యులు కొనగల కారు తీసుకురావడంతో వాళ్ల పంట పండిందట. 1948 జనవరి నుంచి వాళ్లకో పత్రిక కూడా వెలిసింది. ఇప్పటికీ ఆ తరహా బళ్లు కట్టేవాళ్లలో ఒక సంప్రదాయ శాఖ వుంది. వాళ్లు ఆ పాత కాలంలో దొరికిన సామాను తప్ప మరొకటి వాడరు. చూశారా, మడీ ఆచారమూ మన సొత్తే అనుకుంటాం!

పెద్ద ఇంజను మాట మాత్రం నేను మొదట్లోనే తుంచేశాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీవారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని ఇష్టమొచ్చినట్లు మార్చడానికి లేదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఆ సంగతి ఖాయం చేసింది. పుస్తకంలో వున్న ఇంజనే వుంటుంది, బాగుచెయ్యవలసింది దాని వేడిని అన్నాను. అమ్మాయి ఒప్పుకుంది. "అయితే కరెంటు ఫ్యాను పెడదాం" అంది. అక్కడ మొదలయింది రామరావణ యుద్ధం.

"బెల్టు ఫ్యాను ఇంజనుకు నౌకరు, తాతా. ఇంజను మెల్లగా తిరిగితే అదీ మెల్లగా తిరుగుతుంది. బండి ఆగినప్పుడేగా గాలి కావలసింది? సరిగ్గా అప్పుడే అది కునుకు తీస్తుంది. కరెంటు ఫ్యాను అట్లా కాదు. వేడి చూసి తనంతట తనే లేస్తుంది, పూర్తి వేగంతో తిరుగుతుంది, పని కాగానే పడుకుంటుంది."

బాపు చుట్ట ఆర్పి నెమ్మదిగా అన్నారు: "బెల్టు తెగితె కండ్లకు కనవడ్తది బిడ్డా. వైరు తెగితె ఎవనికెరుక?"

ఇద్దరి మాటా నిజమే. మధ్యవర్తిని నేను. రెండు పక్షాలనూ సాంతం విని తీర్పు చెప్పడం తెలుగు మాస్టార్లకు కొత్త కాదు గనుక, నేనూ కాస్త చదివాను, నలుగురిని అడిగాను.

ఆ చదువులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఫ్యాను బండి నడవడానికి కాదు, ఆగడానికి. బండి వేగం 50, 60 కిలోమీటర్లు అందుకుంటే యెదురుగాలే రేడియేటరులోంచి దూసుకుపోతుంది. ఫ్యాను వున్నా లేకపోయినా ఒకటే. మనకు వ్యజనం, వీవన, సురటి, ఆలవట్టం, విసనకర్ర అని యెన్ని మాటలున్నా వాటి పని మాత్రం ఒకటే, కూర్చున్నవాడికి గాలి తేవడం. సింహాసనం మీద వున్న రాజుకు వింజామర వీస్తారు గాని గుర్రం మీద దౌడు తీసే రాజుకు యెవరు వీస్తారు? అంచేత ఫ్యాను యెంచేవాడు అడగవలసింది బండి యెంత జోరుగా పోతుందని కాదు, యెక్కడ, యెంతసేపు నిలబడుతుందని.

మా జీపు నిలబడేది చెరకు బళ్ల వెనక, జాతరలో. ఆ లెక్కన అమ్మాయి మాటే నెగ్గాలి. కాని కరెంటు ఫ్యానుకు కరెంటు కావాలి గదా! ఓ మోస్తరు ఫ్యాను 12 వోల్టుల మీద సుమారు 15 ఆంపియర్లు తాగుతుంది. రాత్రిపూట రెండు ముందు దీపాలూ కలిసి మరో 9. మా జీపులో వున్నది పాతకాలం డైనమో. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అది ఇచ్చే కరెంటు దాదాపు సున్న. ఆ 24 ఆంపియర్లూ బ్యాటరీ నుంచే పోవాలి. డైనమో తీసేసి ఆల్టర్నేటరు పెట్టవచ్చు. దానికి లావుపాటి తీగలు, రిలే, ఫ్యూజు, వేడి కనిపెట్టే స్విచ్చి కావాలి. ఒక్క ఫ్యాను కోసం సంసారమంతా మార్చాలి. పైగా అమ్మాయి చెప్పిన సంప్రదాయ శాఖవారికి గ్రిల్లు వెనక ప్లాస్టిక్కు ఫ్యాను కనబడితే మైల. ఈ మాట నేను అనగానే తాత మొహం వెలిగింది. ఆయనకు తెలియకుండానే కాలిఫోర్నియాలో ఆయన పక్షంవాళ్లు వున్నారు!

అట్లాగని కరెంటు ఫ్యాను చెడ్డదని కాదు. రేడియేటరు వెనక జాగా బొత్తిగా లేనివారికి, పట్నంలో దీపందీపానికీ ఆగుతూ పోయేవారికి, మంచి ఆల్టర్నేటరు వున్నవారికి అదే మేలు. వీలైనంతవరకు దాన్ని రేడియేటరు వెనక బిగించి గాలిని లాగించాలి. ముందు బిగిస్తే ఫ్యాను దిమ్మ తనే గాలికి అడ్డం నిలుస్తుంది.

ఇక బెల్టు ఫ్యాను కునుకు తీస్తుందన్న ఫిర్యాదు సంగతి. దానికి సమాధానం పుస్తకాల్లో కంటె మా ఉస్తాదు నోట సూటిగా దొరికింది. ఆయన రేడియేటరు ముందు మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాడు. మొదట పళ్ల మధ్య ఇరుక్కున్న చెరకు పీచు, మట్టి గుప్పెడు కడిగించాడు. ఆ తరవాత ఒక్క మాట అన్నాడు: "ఫ్యానుకు ఇల్లు కావాలె సార్. ఇల్లు లేని ఫ్యాను తిర్గుడే గని పన్జేసుడు లేదు."

పోయిన రేకు తొడుగును ఆయన ఇల్లు అన్నాడు. నేను స్టాఫ్ రూములో వేసిన లెక్కలు ఇవే. మా రేడియేటరు పళ్ల భాగం వెడల్పు 18 అంగుళాలు, యెత్తు 16. అంటే 288 చదరపు అంగుళాలు. పాత ఫ్యాను అడ్డుకొలత 13 అంగుళాలు. దాని రెక్కలు తుడిచే చోటు 133 చదరపు అంగుళాలు, సగం కూడా లేదు. మిగతా భాగానికి గాలి అందదు. అంతే కాదు, తొడుగు లేకపోతే రెక్కలు వెనక్కు నెట్టిన వేడిగాలే పక్కల నుంచి చుట్టూ తిరిగి మళ్లీ రెక్కల్లోకి వస్తుంది. గాలి సోమరిది. సులువైన దారి వుంటే కష్టమైన దారిన పోదు. తొడుగు పెడితే దానికి ఇక రేడియేటరు లోంచి తప్ప దారి లేదు.

దాంతో తీర్పు తయారయింది. 4 రెక్కల పాతది పోయి 6 రెక్కల ఇనప ఫ్యాను, 15 అంగుళాలది. రెక్కలు యెక్కువైతే ఇంజను మెల్లగా తిరిగినప్పుడు కూడా గాలి బాగా లాగుతుంది. కాస్త హోరు, కాస్త డీజిలు ఖర్చు తప్పవు. వేగం పెరిగినప్పుడు రెక్కలు చదునయ్యే పల్చటి రకం వుంది గాని, బీట వారితే రెక్క విరిగి యెగురుతుందని వద్దన్నాం. వేడిని బట్టి పట్టు బిగించే క్లచ్చి రకం మంచిదే. మా ఇరుకు జాగాలో అది పట్టదు.

సికిందరాబాదు రాణీగంజిలో తాతా మనవరాలూ కలిసి ఫ్యాను కొన్నారు. ప్రతి ఫ్యానునూ బల్ల మీద పెట్టి, రెక్కలన్నీ సమంగా ఆనుతున్నాయో లేదో బాపు వేలితో తట్టి చూశారట. తూకం తప్పిన ఫ్యాను వాటర్ పంపు బేరింగును తినేస్తుంది. మా వూళ్లో రేకుపని చేసే అతను తొడుగు కట్టాడు. రెక్కల మందంలో సగానికి పైగా తొడుగు లోపల వుండాలని, చుట్టూ ముప్పావు అంగుళం సందు వుండాలని, రెక్కలకూ రేడియేటరుకూ మధ్య ఒక అంగుళానికి తగ్గకూడదని అమ్మాయి అట్టముక్క మీద గీసి ఇచ్చింది. ఇంజను రబ్బరు దిమ్మల మీద వూగుతుంది గదా, ఆ మాత్రం యెడం లేకపోతే రెక్క వెళ్లి పళ్లను కొరుకుతుంది.

శివరాత్రి నాడు బయలుదేరాం. అమ్మాయి నడిపింది, బాపు పక్కన, నేను వెనక. ఝరాసంగం ఇంకా రెండు కిలోమీటర్లు వుందనగా బళ్లన్నీ నిలిచిపోయాయి. బళ్లు, ట్రాక్టర్లు, ఆటోలు, నడిచేవాళ్లు. నలభై నిమిషాలు అడుగులో అడుగు. వేడి ముల్లు 80 దాటింది, 85 దాటింది, 90 దగ్గర నిలిచింది. అందరూ గుడి గోపురం కోసం మెడలు చాస్తూంటే మా వాళ్లిద్దరూ ఆ ముల్లుకే చేతులు జోడించినంత పని చేశారు. అది కదలలేదు.

తిరుగుబాటలో బాపు మాట్లాడకుండా కూర్చున్నారు. పొద్దు వాలింది. జీవితమంతా పొలాలకూ మార్కెట్లకూ తిరిగిన మనిషి ఆయన. తిరిగినన్నాళ్లూ గాలి తనంతట తనే తగిలింది, యెవరూ విసరవలసిన పని లేకపోయింది. ఈ రెండేళ్లూ వాకిట్లో కుర్చీలో ఆయన లోపల యెంత వుడుకు పేరుకుందో అప్పుడు ఆయన మొహం తేలికపడటం చూస్తే గాని నాకు తెలియలేదు.

ఇంటి ముందు దిగుతూ, "ఎల్లుండి తోట దిక్కు పోయొద్దామా?" అన్నారు. అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. ముందు బ్రేకు లైనింగులు మార్పించాలంది. ఆశ్చర్యం, తాత యెదురు చెప్పలేదు. ఆ సాయంత్రమే ఉస్తాదుకు కబురు వెళ్లింది.